పడిన రోజుకీ లేచిన రోజుకీ నడుమ

(ఇంటర్మీడియట్ ఫలితాల తర్వాత విద్యార్థులు, తల్లిదండ్రుల కోసం ఏర్పాటైన సమావేశంలో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఈ ఎండలో ఇంత దూరం వచ్చిన తల్లిదండ్రులకు, రావడం ఇష్టం లేకపోయినా వచ్చిన పిల్లలకు ప్రత్యేకంగా నమస్కారం. ఫలితాలు వచ్చిన వారంలో సభలకు వెళ్లాలని ఎవరికి ఉంటుంది? పాసైనవాళ్లు కాలేజీలు వెతుక్కునే హడావిడిలో ఉంటారు. తప్పినవాళ్లు గది తలుపు తీయరు. మీరు తలుపు తీసి ఇక్కడి దాకా వచ్చారు. నాకు చాలా సంతోషంగా ఉంది.

ఓటమి నుంచి నేర్చుకోవడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ మాట వినగానే నేనేం చెబుతానో మీలో సగం మందికి తెలిసిపోయి ఉంటుంది. అబ్దుల్ కలాం గారి కథ చెబుతాను. అంతేనా? అవును, చెబుతాను. కానీ ఆ కథను అందరూ ఎక్కడ వదిలేస్తారో అక్కడ నేను కాసేపు ఆగుతాను. నాకు కావలసింది అక్కడే ఉంది.

మీరు విన్న కథ ఇది. 1979 ఆగస్టు 10. శ్రీహరికోట. ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం. సారథి కలాం. రాకెట్ లేచింది. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండో దశలో అదుపు తప్పింది. 317 సెకన్లకు బంగాళాఖాతంలో పడింది. అప్పుడు ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధవన్. ఆయన విలేకరుల ముందుకు వెళ్లి, మేం విఫలమయ్యాం, మా వాళ్ల మీద నాకు నమ్మకం ఉంది అన్నారు. మాట పడేది తాను పడ్డారు. 1980 జూలై 18న రెండో ప్రయోగం నెగ్గింది. 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఆ రోజు మాత్రం ధవన్, విలేకరులతో నువ్వే మాట్లాడు అని కలాంను పంపారు. కలాం గారు ఈ సంగతి ఎన్నో సభల్లో చెప్పారు. గొప్ప సంగతి. విన్న ప్రతిసారీ నా ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు ఒక ప్రశ్న. 1979 ఆగస్టు 10కీ 1980 జూలై 18కీ నడుమ ఎంత కాలం ఉంది? పదకొండు నెలల పైన. ఆ పదకొండు నెలలు వాళ్లు ఏం చేశారు? ఎవరైనా చెప్పగలరా? వెనక వరుసలో బాబూ, నువ్వు? తెలియదు. ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఎవరూ చెప్పరు. పడ్డారు అంటాం, లేచారు అంటాం. పడిన రోజుకీ లేచిన రోజుకీ నడుమ జరిగిన పనిని వదిలేస్తాం. పిల్లలకు అసలు కావలసింది ఆ నడుమ జరిగిన పనే కదా!

ఏం చేశారంటే, వెతికారు. ఎక్కడ తప్పింది? రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక వాల్వు సరిగా మూసుకోలేదు. ఆ దారిన నైట్రిక్ ఆమ్లం కారిపోయింది. రెండో దశ వంతు వచ్చేసరికి రాకెట్‌ను దారిలో పెట్టడానికి కావలసిన ద్రవం లేదు. అంత పెద్ద రాకెట్‌ను, అన్నేళ్ల శ్రమను ఒక వాల్వు సముద్రంలో పడేసింది. ఇంకో మాట కూడా ఉంది. కలాం గారే చెప్పిన మాట. ప్రయోగానికి ముందు నిమిషాల్లో కంప్యూటర్ ఆగమంది. నిపుణులు లెక్కలు చూసి ఫర్వాలేదు అన్నారు. ఆయన కంప్యూటర్ మాటను పక్కనపెట్టి ముందుకు వెళ్లారు.

ఈ ‘ఆగు’ అన్న మాటను గుర్తుపెట్టుకోండి. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు ఒక సామెత సంగతి తేల్చుకుందాం. ఓటమి గెలుపునకు తొలిమెట్టు అని మన బడుల గోడల మీద రాస్తాం. నేనూ రాయించాను. కానీ అది నిజమేనా? ఓడితే చాలు, మెట్టు ఎక్కినట్టేనా? ఎస్‌ఎల్‌వీ తర్వాత ఏఎస్‌ఎల్‌వీ వచ్చింది. 1987 మార్చి 24న పడింది. సరే, తొలిమెట్టు అనుకుందాం. 1988 జూలై 13న మళ్లీ పడింది. ఇప్పుడేమనాలి?

మొదటిసారి కారణం వెతకలేదా అంటే, వెతికారు. పక్కన కట్టిన రాకెట్లు మండి ఆరిపోయాక మధ్యలోని ప్రధాన రాకెట్ అంటుకోవాలి. అంటుకోలేదు. దాన్ని సరిదిద్దుకుని రెండోసారి వెళ్లారు. ఈసారి అంటుకుంది. కానీ పక్క రాకెట్లు ఆరడానికీ మధ్య రాకెట్ అందుకోవడానికీ నడుమ ఉన్న ఆ కాస్త వ్యవధిలో, గాలి ఒత్తిడి తీవ్రంగా ఉండే ఎత్తులో, రాకెట్‌కు అదుపు చాలలేదు. అంటే మొదటి కారణం వెనక ఇంకో కారణం దాక్కుని ఉంది. మొదటిది తొలగితే గాని రెండోది కనపడదు. అప్పుడు ఇంకా లోతుకు వెళ్లారు, దాదాపు నాలుగేళ్లు పట్టింది. 1992 మే 20న ఉపగ్రహం కక్ష్యకు చేరింది. అదీ అనుకున్నదానికంటే తక్కువ ఎత్తులో. పూర్తిగా తృప్తి కలిగింది 1994 మే 4న. 1987 నుంచి 1994. ఏడేళ్లు!

అమ్మా, అయ్యా, పిల్లవాడు సప్లిమెంటరీలో కూడా తప్పితే ‘ఇక వీడి వల్ల కాదు’ అనేముందు ఈ ఏడేళ్లను ఒక్కసారి తలచుకోండి. రెండోసారి తప్పినవాడు మొదటిసారి నేర్చుకోలేదని అనుకోకండి. నేర్చుకునే ఉండవచ్చు. ఇంకో లోపం దాగి ఉండవచ్చు.

ఇప్పుడు మీకు ఒక పంపు గురించి చెబుతాను. కాస్త ఓపికగా వినండి. భౌతికశాస్త్రం అంటే భయపడేవాళ్లు మరీ ఓపికగా వినండి, ఇది భయపడే సంగతి కాదు.

2010 ఏప్రిల్ 15. జీఎస్‌ఎల్‌వీ-డీ3 అనే రాకెట్. మనం సొంతంగా చేసుకున్న క్రయోజెనిక్ ఇంజన్‌తో మొదటి ప్రయోగం. ఆ ఇంజన్ పరిజ్ఞానాన్ని రష్యా నుంచి తెచ్చుకుందామనుకున్నాం. 1990ల్లో అమెరికా ఒత్తిడి వల్ల పరిజ్ఞానం రాలేదు. తయారైన ఇంజన్లు మాత్రం కొన్ని వచ్చాయి. సరే, మనమే చేసుకుందామని ఏళ్ల తరబడి కష్టపడ్డారు. ఎందుకంత కష్టం? ఇంధనం ద్రవ హైడ్రోజన్. దాన్ని మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంచాలి. ద్రవ ఆక్సిజన్ మైనస్ 183. అంత చలిలో లోహం ముడుచుకుంటుంది, రబ్బరు గాజులా పెళుసవుతుంది. ఆ పక్కనే మంట.

రాకెట్ లేచింది. మొదటి రెండు దశలు బాగా పనిచేశాయి. మూడోది మన ఇంజన్. కాసేపటికే రాకెట్ దారి తప్పింది, రెండు టన్నుల పైచిలుకు ఉన్న జీశాట్-4 ఉపగ్రహం సముద్రం పాలైంది. ఇంజన్ అసలు మండిందా లేదా అన్న సందేహం మొదట్లో ఉంది. మండలేదంటే ఒక రకం లోపం, మండి ఆరిపోయిందంటే ఇంకో రకం లోపం. కింద నుంచి చూసేవాడికి రెండూ ఒకటే, పడిపోయింది అంతే. వెతికేవాడికి మాత్రం ఈ రెండింటికీ నడుమ భూమ్యాకాశాల తేడా ఉంది.

వైఫల్య విశ్లేషణ కమిటీ కూర్చుంది. రాకెట్ కిందికి పంపిన సమాచారమంతా ముందు వేసుకుంది. మండింది అని తేలింది. హైడ్రోజన్ ట్యాంకు దగ్గర ఒక చిన్న పంపు ఉంటుంది. ట్యాంకులోంచి ఇంధనాన్ని తోడి, కొంత ఒత్తిడితో పెద్ద పంపుకు అందించడం దాని పని. ఆ చిన్న పంపు నిమిషానికి 34,800 చుట్లు తిరిగే వేగాన్ని అందుకుంది. ఇంజన్ మొదలయ్యాక కూడా తిరుగుతూనే ఉంది. 0.9 సెకన్ల తర్వాత వేగం తగ్గడం మొదలైంది. ఇంకో 0.6 సెకన్లలో ఆగిపోయింది. ఇంధనం అందలేదు, ఇంజన్ ఆరిపోయింది.

చూశారా ఆ పట్టుదల? సెకనులో పదో వంతు దాకా వెళ్లి పట్టుకున్నారు. ‘మన ఇంజన్ పనికిరాదు’ అని ఎవరూ అనలేదు. ‘మనకు ఈ విద్య రాదు’ అని ఎవరూ అనలేదు. ఇంజన్ మండింది, పంపు తిరిగింది, ఫలానా క్షణంలో ఫలానాది ఆగింది అని రాశారు. ఎందుకు ఆగింది? రెండు అవకాశాలు చెప్పారు. ఒక సీలు దగ్గర తిరిగే భాగం పట్టేసి ఉండవచ్చు. లేదా టర్బైన్ కవచం ఒత్తిడికి, వేడిచలువల తేడాకు పగిలి ఉండవచ్చు. పడిపోయిన రాకెట్ సముద్రంలో ఉంది, వెళ్లి చూసే వీలు లేదు కదా! అందుకని నేల మీద పరీక్షలు పెట్టారు. అంత చలిలో బేరింగు ఎంత ముడుచుకుంటుంది, కవచం ఎంత ముడుచుకుంటుంది అని లెక్కవేసి పంపు నిర్మాణాన్ని మార్చారు. మండించే క్రమాన్ని మార్చారు. అంతరిక్షంలో గాలి ఉండదు కనుక తమిళనాడులోని మహేంద్రగిరిలో నేల మీదే శూన్యం కల్పించి, అందులో ఇంజన్ అంటుకుంటుందా అని చూశారు.

ఇంకో విషయం. ఆ కారణాలను కొద్ది నెలల్లోనే ప్రజలకు చెప్పారు. ఎవరైనా చదువుకోవచ్చు. నేను చదివాను, క్లాసులో పిల్లలకు చదివి వినిపించాను. వైఫల్యం గురించిన నివేదికను దాచిపెడితే దాని నుంచి ఆ గదిలో కూర్చున్న నలుగురే నేర్చుకుంటారు. బయట పెడితే దేశం నేర్చుకుంటుంది. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ప్రతి ప్రయోగం విషయంలోనూ అలాగే బయట పెట్టాలని కోరుకునేవాణ్ని నేను.

ఆ ఏడాది కష్టాలు అక్కడితో ఆగలేదు. 2010 డిసెంబర్ 25. జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్06. ఈసారి రష్యా ఇచ్చిన క్రయోజెనిక్ దశ. అంటే మన పంపుకూ దీనికీ సంబంధమే లేదు. లేచిన 48 సెకన్లకు ఆ దశ అడుగు భాగాన ఉన్న పది కనెక్టర్లు ఊడిపోయాయి. పై నుంచి కంప్యూటర్ ఇచ్చే ఆదేశాలు కింది రాకెట్లకు అందలేదు. అదుపు తప్పింది. జనం మీద పడకూడదు కనుక ఒక నిమిషం దాటగానే దాన్ని గాలిలోనే పేల్చేశారు. ఒకే ఏడాదిలో రెండు. ఆ తర్వాత మూడేళ్లు జీఎస్‌ఎల్‌వీ ఎగరలేదు. పెద్ద ఉపగ్రహాలను ఫ్రెంచ్ గయానా తీసుకెళ్లి, డబ్బిచ్చి ఏరియాన్ రాకెట్ మీద పంపుకున్నాం. తప్పినందుకు ధర ఉంటుంది. లేదని మీకు అబద్ధం చెప్పను. ఏడాది పోతుంది, డబ్బు పోతుంది, తోటివాళ్లు ముందుకు వెళ్లిపోతారు. అది బాధే.

ఇప్పుడు ‘ఆగు’ అన్న మాట దగ్గరికి వద్దాం.

1979లో ఆగమన్నా ఆగలేదు కదా. 2001 మార్చి 28కి రండి. జీఎస్‌ఎల్‌వీ మొట్టమొదటి ప్రయోగం. కౌంట్‌డౌన్ దాదాపు అయిపోయింది, కింద ఇంజన్లు అంటుకున్నాయి, పొగ లేచింది. పక్కనున్న నాలుగు ఇంజన్లలో ఒకటి కావలసినంత బలం అందుకోలేదు. కంప్యూటర్ తనంతట తాను అన్నిటినీ ఆపేసింది. మనిషి ఆలోచించే వ్యవధి లేదు అక్కడ. రాకెట్ నేల మీదే నిలబడిపోయింది, కాలిపోలేదు. మూడు వారాల్లో ఏప్రిల్ 18న అదే రాకెట్ ఎగిరింది.

2013 ఆగస్టు 19. మూడేళ్ల విరామం తర్వాత జీఎస్‌ఎల్‌వీ-డీ5. దేశమంతా చూస్తోంది. ఇంకో 74 నిమిషాల్లో ఎగరాలి. రెండో దశ ఇంధన ట్యాంకు నుంచి కారుతోందని తెలిసింది. ఆపేశారు. ఎంత సిగ్గనిపించి ఉంటుంది! రెండుసార్లు పడ్డారు, మూడోసారి ఎగరకుండానే ఆగారు అని జనం అంటారు కదా! అన్నా ఆపేశారు. ట్యాంకు చేసిన అల్యూమినియం మిశ్రమంలోనే బలహీనత ఉందని తేల్చి, వేరే మిశ్రమంతో కొత్త దశను కట్టారు. 2014 జనవరి 5 సాయంత్రం 4 గంటల 18 నిమిషాలకు అది ఎగిరింది. మన పంపు తిరిగింది, ఆగలేదు. మన ఇంజన్ చివరిదాకా మండింది. జీశాట్-14 కక్ష్యలో పడింది.

2019 జూలై 15, తెల్లవారుజామున. చంద్రయాన్-2. చూడటానికి రాష్ట్రపతి శ్రీహరికోట వచ్చి కూర్చున్నారు. 56 నిమిషాల ముందు లోపం కనపడింది. ఆపేశారు. రాష్ట్రపతి ఉన్నారు కదా, ఎలాగోలా కానిద్దాం అనుకోలేదు. వారం తర్వాత 22న పంపారు. 1979లో ఒక వాల్వు నేర్పిన పాఠం నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ గదిలో బతికి ఉంది. ఆ రోజు ఆ గదిలో కూర్చున్న యువకుల్లో చాలామంది 1979 నాటికి పుట్టి కూడా ఉండరు. అయినా వాళ్లకు ఆ పాఠం తెలుసు. ఒకరు చేసిన పొరపాటు నుంచి నలభై ఏళ్ల తర్వాతివాళ్లు నేర్చుకున్నారు. నాకు ఇస్రోలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే.

కొందరు పిల్లలు ఇష్టం లేని కోర్సులో చేరి, మొదటి నెలలోనే ఇది నా దారి కాదని తెలిసినా, ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారోనని చెప్పరు. రెండేళ్లు లాగుతారు. పరీక్షలో పడతారు. అప్పుడు మనం ‘పరీక్ష తప్పాడు’ అంటాం. తప్పింది పరీక్ష రోజునా? మొదటి నెలలోనే లోపల గంట మోగింది, మనం వినే వీలు ఇవ్వలేదు. తల్లిదండ్రులారా, ‘నాన్నా, ఇది నాకు సరిపడదు’ అని పిల్లవాడు ఆగిన రోజున కోప్పడకండి. ఆగినవాణ్ని ఓడినవాడి కింద లెక్కవేయకండి.

చంద్రయాన్-2 మీకు తెలుసు. 2019 సెప్టెంబర్ 7. చంద్రుడి మీద దిగవలసిన వాహనం విక్రమ్. 2.1 కిలోమీటర్ల ఎత్తు దాకా దిగింది. తర్వాత మాట లేదు. ఆ రాత్రి మనమంతా మేలుకునే ఉన్నాం. నేనూ మేలుకునే ఉన్నాను. కారణాలను తర్వాత అప్పటి ఇస్రో అధ్యక్షుడు సోమనాథ్ వివరంగా చెప్పారు. వేగం తగ్గించే ఐదు ఇంజన్లు అనుకున్నదానికంటే కాస్త ఎక్కువ బలం ఇచ్చాయి. గమనించండి, తక్కువ కాదు, ఎక్కువ. ఆ చిన్న తేడాలు పోగుపడ్డాయి. వాటిని సరిచేసుకోవడానికి వాహనం గబగబా తిరగాలి. అంత వేగంగా తిరగకుండా సాఫ్ట్‌వేర్‌లో హద్దు పెట్టి ఉంది. పైగా దిగవలసిన చోటు 500 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పు మాత్రమే. ఆ చోటికే చేరాలని నేల దగ్గర పడుతున్నా వేగం పెంచుకుంటూ పోయింది.

ఈ మూడో కారణం చదివినప్పుడు నాకు మన పిల్లలే కళ్ల ముందు మెదిలారు. ఇంత చిన్న చోటే చూపించి, దిగితే ఇక్కడే దిగాలి అంటున్నాం కదా వాళ్లతో! ఫలానా కాలేజీ, ఫలానా బ్రాంచి, ఫలానా ర్యాంకు. దారి తప్పుతోందని తెలిసినా ఆ చదరం కోసమే వేగం పెంచుకుంటూ వెళతారు పాపం.

చంద్రయాన్-3లో ఏం మార్చారు? దిగే ప్రదేశాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు చేశారు. ఇంధనం ఎక్కువ పెట్టారు. నడిమి ఇంజన్ తీసేశారు. సెకనుకు 3 మీటర్ల వేగంతో నేలను తాకినా తట్టుకునేలా కాళ్లను బలపరిచారు. ఎటు వాలినా ఎండ తగిలేలా ఇంకొన్ని వైపుల సౌర ఫలకాలు అమర్చారు. ‘అన్నీ సరిగా జరిగితే ఎలా దిగుతాం’ అని ఆలోచించడం మానేసి, ‘ఏమేం తప్పిపోవచ్చు, తప్పినా ఎలా దిగుతాం’ అని మొదలుపెట్టారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు దిగింది.

అంతకు రెండు రోజుల ముందు జరిగిన ఒక సంగతి చాలామంది గమనించలేదు. చంద్రయాన్-2లో పడిపోయింది విక్రమ్ ఒక్కటే. దానితో వెళ్లిన ఆర్బిటర్ చంద్రుడి చుట్టూ నాలుగేళ్లుగా తిరుగుతూనే ఉంది. కొత్త విక్రమ్ దిగబోయే ముందు ఆ పాత ఆర్బిటర్ దానితో సంబంధం కలుపుకుంది. అది తీసిన ఫొటోలు దిగే చోటును ఎంచుకోవడానికి అక్కరకొచ్చాయి. విఫలమైందని మనం ఏడ్చిన ప్రయోగంలో సగం బతికే ఉంది, పని చేస్తూనే ఉంది!

అందుకే వైఫల్య నివేదికల్లో నాకు బాగా నచ్చేది ఒకటుంది. వాటిలో ముందుగా ఏది సరిగా జరిగిందో రాస్తారు. ఫలానా దాకా అంతా మామూలుగానే ఉంది అని రాస్తారు. ఆ తర్వాతే లోపం. మనం మన పిల్లల మార్కుల మెమో చూసి ఆ పని చేశామా ఎప్పుడైనా?

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. పేరు వద్దు. భౌతికశాస్త్రం తప్పింది. సార్, నాకు ఫిజిక్స్ రాదు, మానేస్తాను అంది. జవాబు పత్రం నకలు తెప్పించుకున్నావా అని అడిగాను. మార్కులు పెరగవని వదిలేసిందట. మార్కుల కోసం కాదమ్మా, చూడటానికి తెప్పించు అన్నాను. తెచ్చింది. ఇద్దరం కూర్చుని చూశాం. కుంభాకార కటకం లెక్క. నాభ్యంతరం 20 సెంటీమీటర్లు, వస్తువు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది, ప్రతిబింబం ఎక్కడ? జవాబు 60 రావాలి. ఈమెకు 12 వచ్చింది. సూత్రం సరిగ్గా రాసింది. గుణకారాలు, భాగహారాలు సరిగ్గా చేసింది. వస్తు దూరానికి రుణ గుర్తు పెట్టలేదు. అంతే. పేజీ తిప్పాం. దర్పణం లెక్కలో మళ్లీ అదే. ఇంకో చోట రుణావేశం వల్ల కలిగే పొటెన్షియల్, అక్కడా రుణ గుర్తు లేదు. ఆమెకు ఫిజిక్స్ రాకపోవడం కాదు. గుర్తుల దగ్గర పంపు ఆగిపోయింది. సప్లిమెంటరీలో గట్టెక్కింది. గొప్ప మార్కులేమీ రాలేదు, కానీ తర్వాత డిగ్రీలో భౌతికశాస్త్రమే తీసుకుంది.

మన రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డుల్లోనూ ఫీజు కట్టి దరఖాస్తు చేస్తే, దిద్దిన జవాబు పత్రం నకలు ఇస్తారు. రీవెరిఫికేషన్ అంటారు. అందరూ దాన్ని మార్కులు కలుస్తాయేమోనని పెడతారు. కలిస్తే మంచిదే. కలవకపోయినా ఆ పత్రం మీ దగ్గర ఉండాలి. అది మీ రాకెట్ కిందికి పంపిన సమాచారం. అది లేకుండా మళ్లీ మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా బట్టీ పడితే, ఏది తప్పిందో తెలియకుండా అదే రాకెట్‌ను మళ్లీ ఎగరేసినట్టే.

ఇక పెద్దవాళ్లతో ఒక మాట. ఫలితం వచ్చిన రోజు ఇంట్లో మనం అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? ‘ఎవరి వల్ల?’ నీ ఫోను వల్ల, మీ అమ్మ గారాబం వల్ల, ఆ స్నేహితుల వల్ల, ఆ లెక్చరర్ వల్ల. ఎవరి వల్ల అని అడిగితే పిల్లవాడు దాస్తాడు. ఎవరైనా దాస్తారు. ఆ కమిటీ గదిలో ‘ఎవడు చేశాడు ఈ పని’ అని మొదలుపెట్టి ఉంటే ఆ 0.9 సెకన్ల సంగతి బయటికి వచ్చేదా? తమకు తెలిసింది చెప్పడానికి అందరూ భయపడేవాళ్లు. ఎక్కడ తప్పింది అని అడగండి. ఎక్కడ? ఏ పాఠంలో? ఏ నెలలో? ఎవరు అని అడగకండి, ఎక్కడ అని అడగండి. ధవన్ గారు మాట పడేది తాను పడింది ఎందుకు? కింద పనిచేసేవాళ్లు భయం లేకుండా వెతుక్కోవడానికి. మీ ఇంటికి మీరే ధవన్. బంధువులు ఫోన్ చేసి మార్కులెన్ని అంటే మీరు మాట్లాడండి, పిల్లవాడి చేతికి ఫోన్ ఇవ్వకండి.

ఇంకా ముఖ్యమైన మాట. ఈ వారం రోజులూ పిల్లలను ఒంటరిగా వదలకండి. అన్నం మానేసినా, నిద్ర పట్టకపోయినా, ‘నేనుంటే ఎంత, లేకుంటే ఎంత’ లాంటి మాట వినపడినా తేలిగ్గా తీసుకోకండి. పక్కన కూర్చోండి. 14416 అని టెలి మానస్ నంబరు ఉంది. ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. పిల్లలూ, మీరూ రాసుకోండి. మీకు అక్కర్లేకపోవచ్చు, మీ స్నేహితుడికి కావలసి రావచ్చు. ప్రతి ఏటా ఈ రోజుల్లో పేపర్ తెరవాలంటే నాకు భయం వేస్తుంది. ఒక్క పేరు కూడా అందులో ఉండకూడదు. ఒక్కటి కూడా.

జీఎస్‌ఎల్‌వీ కథ 2014లో సుఖాంతం అయిందని అనుకోకండి. 2021 ఆగస్టు 12న మళ్లీ పడింది. ఈసారి హైడ్రోజన్ ట్యాంకు వాల్వులో ఒక సీలు దెబ్బతిని, ఒత్తిడి తగ్గిపోయింది. మళ్లీ కమిటీ, మళ్లీ కారణం, మళ్లీ మార్పు. 2023 మే 29న ఎగిరింది. 2025 మే 18న ఎంతో నమ్మకస్తురాలైన పీఎస్‌ఎల్‌వీ మూడో దశలో ఒత్తిడి పడిపోయి ఉపగ్రహం పోయింది. మూడు దశాబ్దాల అనుభవం ఉన్న రాకెట్! కాబట్టి ఒకసారి నేర్చుకుంటే ఇక జన్మలో తప్పులు జరగవని నేను మీకు మాట ఇవ్వలేను. పాత తప్పు మళ్లీ జరగకుండా చూసుకోవడం మాత్రం మన చేతుల్లో ఉంది.

సరే, పనిలోకి వద్దాం. సప్లిమెంటరీ ఫీజు గడువు వేరు, జవాబు పత్రం నకలుకు గడువు వేరు. రెండూ తక్కువ రోజులే ఉంటాయి, ఇవాళే చూసుకోండి. నకలు చేతికి వచ్చిన పిల్లలు ఏ సబ్జెక్టు వాళ్లైనా సాయంత్రాలు ఇదే హాలుకు రండి. నేనుంటాను, గణితం, రసాయనశాస్త్రం మాస్టార్లు కూడా వస్తామన్నారు. ఎన్ని మార్కులు వచ్చాయని ఎవరూ అడగరు. పెన్సిల్ తెచ్చుకోండి. ముందు సరిగా రాసిన జవాబుల పక్కన గీత పెడదాం, తర్వాత మిగతావి చూద్దాం. నకలు రానివాళ్లు ప్రశ్నపత్రం తెచ్చుకున్నా చాలు.

ఇప్పుడు మీ ప్రశ్నలు. ముందు పిల్లలు అడగండి, పెద్దవాళ్లు ఆ తర్వాత.